పరాసు భాషలో ‘లేదు’

తెలుగువారు ఫ్రెంచివారిని చిరకాలము ‘పరాసులు’ అని పిలిచిరి. మచిలీపట్టణమున పరాసుపేట యను పేట నేటికిని గలదు. గుంటూరు సీమవారికిని పరాసులతో పరిచయము క్రొత్తది కాదు. 1752లో వారు తమ కార్యస్థానమును కొండవీటి కోటనుండి గుంటూరునకు మార్చిరి. సలాబతుజంగు కొలువులో బుస్సీ దొర మాటకు తిరుగులేని దినములవి. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమునందును, 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోటయందును ఆంగ్లేయులచేతిలో ఓడిన పిదప ఈ సీమలో వారి పలుకుబడి యడుగంటెను. వారి భాషయు వారితోడనే వెడలిపోయెను. తెలుగునేలపై ఒక్కచోట మాత్రము అది నిలిచెను. ఆ చోటు యానాము.

గౌతమీ తీరమున, కోరంగి పాయ చీలుచోట నున్న ఈ చిన్న పట్టణమున పరాసులు 1723లో వర్తకస్థానము నెలకొల్పిరి. నడుమ కొంతకాలము విడిచిపోయిరి; యుద్ధములు వచ్చినపుడెల్ల ఆంగ్లేయులు దానిని పట్టుకొనుటయు, సంధి కుదిరినపుడెల్ల తిరిగి యిచ్చివేయుటయు జరిగెను. చుట్టును గోదావరి మండలము ఆంగ్లేయ ప్రభుత్వము క్రింద నుండగా యానాములో మాత్రము పరాసు జెండా యెగురుచుండెను. పొలిమేర దాటినచో చట్టమే మారిపోవును. 1929లో బాల్యవివాహములను నిషేధించుచు శారదా చట్టము వచ్చినపుడు, అది చెల్లని యానామునకు పెండ్లివారు బండ్లు కట్టుకొని పోయిరి. వారి పుణ్యమా యని ఆ యూరికి కల్యాణపురమను పేరు కూడ వచ్చినది. పుణ్యమో పాపమో ఆ పెండ్లిపీటలపై నిదురపోయిన పసిపిల్లలనే యడుగవలెను.

1954లో యానాము పరిపాలన భారతదేశము చేతికి వచ్చెను. 1956 మే 28వ తేదీన ఉభయ దేశములు ఒడంబడిక వ్రాసికొనెను. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదమైన పిదప 1962 ఆగస్టు 16న అది చట్టరీత్యా అమలు జరిగెను. ఆ ఒడంబడికలో ఒక షరతు గలదు: ప్రజల ప్రతినిధులు వేరు నిర్ణయము చేయనంతవరకు ఫ్రెంచియే అధికారభాషగా నుండవలెను. మరియొక షరతు ఇంతకంటె ఘాటైనది. అచ్చటి ఫ్రెంచి పౌరులు భారతపౌరులగుదురు. వద్దనువారు ఆరు నెలలలోపల వ్రాతమూలమున ‘మేము ఫ్రెంచి పౌరులుగనే యుందుము’ అని తెలుపుకొనవచ్చును. ఒక్క కాగితముపై ఒక్క మాట. దానితో అన్న యొక దేశమువాడును, తమ్ముడు మరియొక దేశమువాడును కావచ్చును.

అట్టి యింటిలో పుట్టిన ఆడుబిడ్డ యొకతె 1963లో పెదకాకానికి కోడలుగా వచ్చెను. ఆమె పెదతండ్రి సంతకము చేసెను, తండ్రి చేయలేదు. బాల్యమున ఆమె యానాము బడిలో తెలుగుతోపాటు ఫ్రెంచి చదివినది. పెదకాకానిలో ఆ భాషతో ఆమెకు పని పడలేదు. మల్లేశ్వరస్వామి తిరునాళ్లు, మిరపతోటలు, ప్రత్తి తీతలు, పిల్లలు, మనుమలు. వీనితో ఏబదియైదు సంవత్సరములకు పైగా గడచిపోయెను. ఊరివారందరికి ఆమె ‘యానాం మామ్మ’. ఆమె నోట ఫ్రెంచి విన్నవారు లేరు. మనుమలకు జ్వరము వచ్చి నిద్రపట్టనపుడు మాత్రము ఏదో అర్థముకాని జోలపాట పాడెడిదని కోడండ్రు చెప్పుదురు.

కొన్ని యేండ్ల క్రిందట ఆ వీధిలోని మిరప రైతు కుమారునకు ఫ్రాన్సు దేశమున లియోఁ నగరమందు పైచదువునకు చోటు దొరికినది. ఇంజనీరింగు చదివిన వాడు, బుద్ధిమంతుడు. ఊరంతయు సంతోషించినది. వాని తల్లి మాత్రము నవ్వుచునే లోలోపల దిగులు పడుచుండెను. దానికి కారణము గలదు. వానికి ఏడవయేట గొంతువాపు రాగా పెన్సిలిన్ సూది వేసిరి. నిమిషములలో ఒడలెల్ల దద్దురులెక్కి, ఊపిరి అందక, మంచముపై వాలిపోయెను. దైవవశమున గుంటూరు ఆసుపత్రికి సకాలమున చేరిరి గనుక బ్రతికెను. నాటినుండి ఏ వైద్యుని యెదుట నిలిచినను ఆ తల్లి మొదట పలుకు మాట ఒక్కటే: “మావాడికి పెన్సిలిన్ పడదండీ.”

ఇక ఆ మాటను అచ్చట పలుకువారెవరు? ఆమె కొడుకును వెంటబెట్టుకొని మామ్మ యింటికి వచ్చెను.

“చదువు ఇంగ్లీషులోనే చెబుతారు మామ్మగారూ, ఫ్రెంచితో నాకు పనేముంది?” అని కుర్రవాడు మొగమాటముతో గొణిగెను.

“పాఠం ఇంగ్లీషులో చెబుతారు నాయనా, కాదనను. రొట్టెలమ్మేవాడు, బండి టిక్కెట్టు ఇచ్చేవాడు, ఆసుపత్రిలో చీటీ రాసే ఆమె, వీళ్లంతా నీకోసం ఇంగ్లీషు నేర్చుకోవాలా?” అని మామ్మ అడిగెను.

వేసవి యెండ దిగిన పిదప, మిరపకాయల తొడిమలు తీయుచు ఆమె పాఠము ప్రారంభించెను. తల్లియు ఒక బుట్ట ముందిడుకొని ప్రక్కన కూర్చుండెడిది.

మొదటి దినమున మామ్మ అక్షరములు చెప్పలేదు, మర్యాద చెప్పినది. పగటివేళ ఎవరు కనబడినను ‘బోఁజూర్’, సాయంకాలమైన ‘బోఁస్వార్’ అనవలెను. అంగడిలో అడుగు పెట్టినవాడు ఈ మాట యనకయే సరకు అడిగినచో పరాసులు దానిని మోటుతనముగ నెంతురు. ‘మెర్సి’ యన కృతజ్ఞత. ‘సిల్ వు ప్లే’ యన దయచేసి. ‘పర్దోఁ’ యన క్షమించుడు. సెలవు తీసికొనునపుడు ‘ఓ రువ్వార్’. నీవు, మీరు అను భేదము తెలుగులో వలెనే వారికిని గలదు: చనువుగలవారిని ‘త్యు’ అందురు, పెద్దలను, పరాయివారిని ‘వు’ అందురు. ఆంగ్లమున ఈ భేదము లేదు. తెలుగు పిల్లవానికి ఇది నేర్పనక్కరయే లేదు.

పలుకుబడియందు కుర్రవాడు తడబడెను. ‘నోఁ’ అనగా కాదు. వాడు దానిని ‘నాన్’ అనియు, ‘నోన్’ అనియు పలికెను. మామ్మ మిరపకాయ తొడిమతో అరుగుపై నొక చిన్న గీత గీచి చూపినది. “అరసున్న యిది. వెనుక మన పుస్తకాలలో ఉండేది. నాలుక అంగిటికి తగలకుండా ముక్కుతో పలకాలి. మనం వదిలేసుకున్నాం, వాళ్లు దాచుకున్నారు.” అరసున్న మానివేసినందుకు పండితులు పడిన వేదన యేమోగాని, అది లియోఁ నగరమున పనికివచ్చునని వారెవ్వరు ఊహించియుండరు. వ్రాసిన అక్షరమునెల్ల పలుకరాదనునది మరియొక నియమము. పదము చివరి హల్లులు పెక్కు మౌనముగ నుండును.

ఇట్లు వారము గడచిన పిదప వ్యతిరేక వాక్యములు వచ్చెను. ఇచ్చట మామ్మ వేగము తగ్గించినది.

తెలుగున లేదనుటకు వేరు మాటతో పని లేకపోవచ్చును. చేయును, చేయడు, తినును, తినడు, వచ్చును, రాడు. క్రియ కడుపులోనే కాదనుట యిమిడియున్నది. దీనిని మన వ్యాకర్తలు వ్యతిరేకార్థకమనిరి. ఇదిగాక కాదు, లేదు, వద్దు, రాదు, కూడదు, పడదు అని ఒక్కొక్క సందర్భమునకు ఒక్కొక్క మాట. పరాసులకు ఇన్ని లేవు. వారు క్రియకు ముందు ‘న’ అనియు, వెనుక ‘పా’ అనియు చేర్చుదురు. చేనికి రెండు ప్రక్కల రెండు గట్లు వేసినట్లు! ‘జ పార్ల్ ఫ్రాఁసే’ యన నేను ఫ్రెంచి మాటాడుదును. ‘జ న పార్ల్ పా ఫ్రాఁసే’ యన మాటాడను. ‘జ న సే పా’ యన నాకు తెలియదు. ‘జ న కోఁప్రాఁ పా’ యన నాకు అర్థము కాలేదు. క్రొత్తగా పోయినవానికి ఈ చివరి రెండు వాక్యములు రెండు కాళ్లవంటివి.

క్రియ అచ్చుతో మొదలైనచో ‘న’ లోని అచ్చు జారిపోవును. ‘ఏ’ యన కలిగియున్నాను. ‘న’యు ‘ఏ’యు కలిసి ‘నే’ యగును. ‘జ నే పా’ యన నాకు లేదు. “మేన, అల్లుడు కలిస్తే ఏమవుతుంది?” అని మామ్మ అడిగినది. “మేనల్లుడు” అని కుర్రవాడు చెప్పెను. “అంతే. అత్వసంధి మనకొక్కళ్లకే రాసివ్వలేదు.”

“ఒక్క ‘కాదు’కు రెండు మాటలెందుకు మామ్మగారూ?” అని తల్లి యడిగెను.

ఆ ప్రశ్న మంచిది. పెద్ద చదువులవారు దానిపై పుస్తకములు వ్రాసియున్నారు. పూర్వము పరాసులకు ‘న’ ఒక్కటియే చాలెడిది. అది లాటిను నుండి వచ్చినది. సంస్కృతమున ‘న’యు దానికి జ్ఞాతియే, నాస్తి యనుటలోని నకార మిదియే. ఈ బాంధవ్యములను గుర్తించిన తొలివారిలో ఒకడు తెలుగుసీమలో నివసించిన పరాసు మతాచార్యుడే. కూర్దూ (1691–1779) అను నాతడు తెలుగు, ఫ్రెంచి, సంస్కృతముల నిఘంటువును కూర్చెను. సంస్కృత, లాటిను, గ్రీకు భాషలకు పోలికలు గలవని 1767లో పారిసులోని పండితసభకు వ్రాసి పంపెను. దానిని వారు నలుబదియేండ్ల తరువాతగాని అచ్చు వేయలేదు. ఈలోపల ఆ కీర్తి కలకత్తాలోని విలియం జోన్సుకు చేరినది.

ఇక ‘పా’ యనగా నిజమునకు కాదని యర్థము లేదు. ‘పా’ యన అడుగు. నేను నడువలేదు అనుటకు మారుగా, నేను అడుగైనను వేయలేదు అని గట్టిగా చెప్పుటకై దానిని చేర్చిరి. అటులే త్రాగలేదనుటకు ‘చుక్క’ను, తినలేదనుటకు ‘రొట్టెతునక’ను పూర్వము చేర్చెడివారు. తెలుగువారు మాత్రమేమి? మెతుకు ముట్టలేదందురు, చుక్క తాగలేదందురు, అడుగు పెట్టననందురు. భేదమొక్కటే: పరాసులకు అడుగు మిగిలి, తక్కినవి వాడుకనుండి తొలగెను. చూడను, వినను, నిద్రింపను అనుటకును వారు అడుగే వేయుదురు. అంతటితో ఆగలేదు. నేడు మాటలలో వారు ముందున్న ‘న’ను మ్రింగివేయుచున్నారు. ‘జ న సే పా’ యను దానిని ‘జ సే పా’ యని త్వరగా పలుకుదురు. అసలు కాదను మాట పోయినది. దానికి తోడుగా వచ్చిన అడుగు ఇల్లు ఆక్రమించినది. వ్రాతలో మాత్రము ‘న’ వదలరాదు.

‘పా’కు బదులు మరికొన్ని మాటలు కూడ వచ్చును. ‘న... జమే’ యన ఎన్నడును కాదు. ‘న... రియేఁ’ యన ఏమియు లేదు. ‘న... ప్లు’ యన ఇక లేదు. ఈ చివరిదానిని మామ్మ ఒక్కమారే చెప్పి, యానాము మాట యేదో జ్ఞాపకము వచ్చి కాబోలు, కొంతసేపు కాయలు ఏరుచు ఊరకుండెను.

‘న’ లేని ‘పా’ సముద్రములు కూడ దాటినది. 1828 ప్రాంతమున రీయూనియన్ దీవిలోని చెరకుతోటలకు తొలిసారిగా భారతీయ కూలీలను యానామునుండియే ఓడలలో కొనిపోయిరి. మారిషసుకు కోరంగి ప్రాంతముల తెలుగువారు పెక్కుమంది వలసపోయిరి. అక్కడి క్రియోలు భాషలో నాకు తెలియదనుటకు ‘మో పా కొనే’ యందురు. తెలుగు తాతల మనుమలు నేడు పలుకు మాట యిదియే. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ మారిషసులోనే జరిగినవి. అయితే ఓడయెక్కిన ఆ తాతలలో ఎందరికి తాము వ్రేలిముద్ర వేసిన కాగితములోని భాష వచ్చును? వచ్చినచో ఎందరు ‘నోఁ’ అనియుందురో!

పయనమునకు పది దినములుండగా మామ్మ అసలు పాఠమునకు వచ్చినది. పెన్సిలిన్ పడదు అనుటను ఫ్రెంచిలోనికి ఎట్లు మార్చుట? కుర్రవాడు ‘న’ను ‘పా’ను సిద్ధము చేసికొనెను. మామ్మ తల యూపినది. తెలుగువాడు ‘పడదు’ అని లేమిగా చెప్పుదానిని పరాసులు ఉన్నదిగా చెప్పుదురు: ‘జ స్వి అలెర్జిక్ ఆ లా పెనిసిలిన్’. నాకు ఆ గుణమున్నది అని దాని భావము. అందు కాదనుమాటయే లేదు. వాడు దానిని ఇరువదిమార్లు పలికెను. తల్లి పెదవులును కదలుచుండెను.

అప్పుడు మామ్మ బుట్ట ప్రక్కకు నెట్టి, వైద్యురాలివలె కూర్చుండి, ప్రశ్న వేసినది: “వు నెత్ పా అలెర్జిక్ ఆ లా పెనిసిలిన్?” మీకు పెన్సిలిన్ వలన బాధ యేమియు కలుగదు గదా, అని దాని యర్థము.

కుర్రవాడు తెలుగులో ఆలోచించెను. ‘కాదండీ, కలుగుతుంది’ అనుకొని, ఠక్కున, “నోఁ” అనెను.

“అయిపోయింది నాయనా. సూది వేసింది” అని మామ్మ యనెను.

తల్లి చేతిలోని కాయలు క్రింద పడినవి.

చిక్కు ఇచ్చటనే యున్నది. నీవు నిన్న రాలేదా యని యడిగినపుడు తెలుగువాడు ‘అవును, రాలేదు’ అనును. అడిగినవాని మాట నిజమైన అవునని, కానిచో కాదని మనము చెప్పుదుము. పరాసు వాడట్లు చూడడు. అడిగినవాని మాటతో వానికి పని లేదు, జరిగినదానితోనే పని. రానిచో ‘నోఁ’. అందుచేత పిల్లవాడు మర్యాదగా ‘కాదండీ’ యని తలచి చెప్పిన ‘నోఁ’ ఆ వైద్యురాలి చెవికి ‘నాకు ఏ బాధయు లేదు’ అని వినబడును. పోనీ అవునను అర్థముగల ‘వుయి’ అందమన్నను, లేదా యని యడిగినపుడు అది కుదురదు. ఇట్టి చోటుకొరకే పరాసులు మూడవ మాటను ఉంచుకొనిరి. అది ‘సి’. మీరు లేదనుకొనుచున్నారు గాని ఉన్నది, అని దాని భావము. ఒక్క అక్షరము! తెలుగున ఇంతటి చిన్న మాట దీనికి లేదు. ‘లేకేమి’ యనునది కొంత దగ్గర. ఆంగ్లమునను లేదు. మన భాషలో లేనిది ఎదుటి భాషలో ఉన్నపుడు దానిని సిగ్గుపడక పుచ్చుకొనుటయే తెలివి.

ఆ పది దినములును మామ్మ వానిని విడువలేదు. వీధిలో కనబడిన వెంటనే లేదా యను ప్రశ్న యొకటి విసరెడిది. నీవు భోంచేయలేదా? మీ నాన్న యార్డుకు పోలేదా? కాయలు ఎండలేదా? వాడు ‘సి’ యనియో ‘నోఁ’ యనియో చెప్పవలెను. తప్పినచో మరియొక ప్రశ్న. అరుగుపై ఆడుకొను పిల్లలు గూడ ఆ ఆట పట్టుకొనిరి. పెదకాకానిలో కొన్ని దినములు చిన్నపిల్లలు అమ్మలకు ‘సి’ యని బదులు చెప్పుచుండిరి. ఈ పద్ధతి ఏ శిక్షణ కళాశాలలోను నేర్పినది కాదు. పని మాత్రము చేసినది.

వాడు వెళ్లిన నాలుగవ నెలలో దవుడపన్ను చీము పట్టి ముఖము వాచినది. జ్వరము వచ్చినది. ఇంగ్లీషు వచ్చిన స్నేహితుడు ఊరిలో లేడు. ఒంటరిగా దంతవైద్యశాలకు పోయెను. వైద్యురాలు పన్ను చూచి, తల వంచి మందుచీటి వ్రాయుచు, ఆనవాయితీగా అడుగు ప్రశ్ననే అడిగినది. ప్రశ్నలోని మొదటి మాటలు వానికి అందలేదు. ‘పా అలెర్జిక్’ అన్నంతవరకు వినబడినది. “సి” అనెను, వెనువెంటనే పూర్తి వాక్యమును చెప్పెను. ఆమె కలము ఆపి, వ్రాసినదానిని కొట్టివేసి, వేరు మందు వ్రాసినది.

ఈ వార్త తెలిసిన రాత్రి తల్లి మామ్మను ఇంటికి పిలుచుకొని వచ్చి ఫోనులో మాటాడించెను. తెరపై వాని బుగ్గ ఇంకను ఉబ్బియుండెను.

“ఉట్టి ‘సి’యేనా? ‘సి, మదామ్’ అన్నావా?” అని మామ్మ యడిగినది. అండీ అనకుండ పెద్దలకు బదులు చెప్పినట్లే యగును గదా, మదామ్ అనకున్నచో!

“రెండోసారి అన్నాను మామ్మగారూ. మొదటిసారి భయంలో మరచిపోయాను.”

మామ్మకది అంతగా నచ్చలేదు. ఫోను తల్లి చేతికిచ్చివేసినది. తల్లి ఏమేమో అడుగవలెననుకొని, గొంతు పెగలక, ప్రతిరాత్రి అడుగుదానినే యడిగెను.

“ఇంకా అన్నం తినలేదా నాయనా?”

“సి, అమ్మా.”

“ఏం కూర?” అని ఆమె అడిగెను.